వంటకం హైదరాబాదీ, మనిషి అరబ్బు

సంస్కృతి అంటే ఏమిటి, ‘నేను ఫలానా’ అని మనిషి చెప్పుకోవడంలో దాని పాత్ర ఎంత అన్నది ఇవాళ్టి ఉపన్యాస విషయం. దీని మీద గ్రంథాలకు కొదవ లేదు. 1871లోనే ఎడ్వర్డ్ టైలర్ అనే ఆంగ్ల మానవశాస్త్రవేత్త జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం అన్నీ కలగలిసిన సముదాయమే సంస్కృతి అని నిర్వచించాడు. ఆ నిర్వచనం ఎంత విశాలమంటే అందులో పట్టనిది ఏదీ ఉండదు, అందుకే అది అక్కరకు రావడం కష్టం. మన సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను వెనక్కి నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, వేటిని నమ్మారు అని వెతికారు. నాకు ఆ దారే నచ్చుతుంది. సంస్కృతిని తెలుసుకోవాలంటే ఒక చోట నిలబడి అక్కడి పొయ్యినీ, బట్టనూ, పేరునూ చూడాలి. అందుకు నేను ఎంచుకున్న చోటు హైదరాబాద్ పాతబస్తీలోని బార్కస్. చార్మినార్ నుంచి దక్షిణంగా ఫలక్‌నుమా దాటి వెళితే చాంద్రాయణగుట్ట పక్కన ఉంటుంది. ఈ పేట మనకు ఒక చిక్కు ప్రశ్న వేస్తోంది. దానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగితే సంస్కృతి గురించి మన ఆలోచన కొంత చక్కబడుతుందని నా నమ్మకం.

ముందు చరిత్ర. ఇవాళ యెమెన్‌లో భాగమైన హద్రమౌత్ నుంచి అరబ్బులు సిపాయిలుగా దక్కనుకు రావడం పంతొమ్మిదో శతాబ్దంలో జోరందుకుంది. నీళ్లు తక్కువ, తెగల మధ్య పోరు ఎక్కువ అయిన నేల అది. అక్కడి మగవాళ్లు కొందరు జావాకు, కొందరు తూర్పు ఆఫ్రికాకు, కొందరు మలబారుకు పోయారు. కత్తి పట్టగలవాళ్లకు నిజాం కొలువు దొరికింది. వీళ్లనే హైదరాబాదులో చావుషులు అన్నారు. నిజాం సైన్యంలోని ఈ అరబ్బు దళాలు బస చేసిన సైనిక నివాసాలే తరవాత బార్కస్ పేట అయ్యాయి. వీళ్ల నాయకులైన జమేదార్లు సిపాయిలతోనే ఆగలేదు. సర్కారుకే అప్పులిచ్చి, ఆ అప్పు కింద తాలూకాల పన్ను వసూలు హక్కు రాయించుకున్నారు. అప్పుల వసూలుకు వచ్చిన అరబ్బులూ రోహిలాలూ పెట్టిన బాధలను తెలంగాణ పల్లెలు చాలాకాలం తలుచుకున్నాయి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న 1853 నుంచి 1883 వరకు ఆయన శ్రమలో గణనీయ భాగం ఈ జమేదార్ల పట్టు సడలించడానికే పోయింది. ఈ సంగతి దాచి బార్కస్ గురించి తీయగా మాట్లాడడం తప్పు. చెడ్డా మంచీ కలిసిన ఉమ్మడి చరిత్రే మనల్ని ఒక ఊరివాళ్లను చేస్తుంది.

ఓడ ఎక్కి వచ్చిన హద్రమీలు దాదాపు అందరూ మగవాళ్లే. పెళ్లిళ్లు ఇక్కడి స్త్రీలతో జరిగాయి. వాళ్లకు పుట్టిన పిల్లలను హద్రమీలు మువల్లద్ అంటారు. అంటే బార్కస్‌లో రెండో తరం నుంచే దాదాపు ప్రతి ఇంట్లోనూ తల్లి దక్కను మనిషి. పొయ్యి దగ్గర నిలబడింది ఆమె, పిల్లవాడికి మాటలు నేర్పింది ఆమె, జ్వరమొస్తే దిష్టి తీసింది ఆమె. బిడ్డ నోట దక్కనీ ఉర్దూ పలికింది, తండ్రి భాష నుంచి కొన్ని మాటలు, కొన్ని పిలుపులు మిగిలాయి. మరి తండ్రి వైపు నుంచి నిలిచినదేమిటి? పేరు. ‘బిన్’ అని తండ్రి పేరు తగిలించి చెప్పే పద్ధతి, ‘బా’తో మొదలయ్యే ఇంటిపేర్లు, యాఫయీ, కథీరీ అనే తెగ పేర్లు. ఇంకో మాటలో చెప్పాలంటే, ‘నువ్వెవరు’ అని అడిగితే చెప్పే జవాబు తండ్రి నుంచి వచ్చింది, ‘ఎట్లా బతుకుతున్నావు’ అని అడిగితే చెప్పేది ఎక్కువ పాలు తల్లి నుంచి వచ్చింది. ఇప్పుడు మనం అరబ్బు వంట, అరబ్బు ఆతిథ్యం అని మెచ్చుకుంటున్నవాటిని తరతరాలుగా కాపాడినవాళ్లలో అరబ్బు నేల మొహం చూడని ఆడవాళ్లే ఎక్కువ. సంస్కృతి రక్తంలో వస్తుందనే వాదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు. నేర్పినవాళ్లూ నేర్చుకున్నవాళ్లూ ఉన్నంతకాలం అది ఉంటుంది. వంశవృక్షాల్లో సాధారణంగా ఈ తల్లుల పేర్లు ఉండవు.

ఒక వంటకాన్ని దగ్గరగా చూద్దాం. హరీసు. గోధుమలను నానబెట్టి, మాంసంతో కలిపి, కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో గంటల తరబడి ఉడికిస్తారు. ఉడికే కొద్దీ కర్ర ఘోట్నీతో మెదుపుతూ ఉంటారు. గింజ ఏదో, మాంసపు పీచు ఏదో వేరు తెలియనంతగా కలిసిపోయి, గరిటె ఎత్తితే తెగకుండా సాగాలి. మసాలా తక్కువ, రంగు తెలుపు. బార్కస్‌లో ఇది రంజాను కోసం ఆగదు, ఏడాది పొడుగునా పొద్దున్నే దొరుకుతుంది. ఉప్పుది ఒకటి, నెయ్యీ చక్కెరా వేసుకునే తీపిది ఒకటి. ఇదే హరీసు పాతబస్తీ నడిబొడ్డుకు చేరి పప్పులు, మిరియాలు, ఏలకులు, వేయించిన ఉల్లిపాయ, దండిగా నెయ్యి చేర్చుకుని హలీమ్ అయింది. అరబ్బు ప్రముఖుడు సుల్తాన్ సైఫ్ నవాజ్‌జంగ్ విందుల్లో ఇది పేరు తెచ్చుకుందని చెబుతారు. ఆ తరవాత ఇరానీ హోటళ్లు దాన్ని బజారుకు తెచ్చాయి. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేకమాంసమే వాడాలి, మాంసానికీ గోధుమకూ పాళ్లు 10కి 4 ఉండాలి, రాగి పాత్రలో కట్టెల మీద 12 గంటలు ఉడకాలి అని నియమాలు కూడా రాసుకున్నారు. అరేబియా నుంచి వచ్చిన వంటకం హైదరాబాదు సొత్తు అని సర్కారు ముద్ర వేసింది. దానికి అభ్యంతరం చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. ఇక్కడి చేతులు, ఇక్కడి మసాలా, ఇక్కడి నాలుకలు దాన్ని ఇక్కడిదాన్ని చేశాయి.

ఇక ఆ వంటకాన్ని తెచ్చిన మనుషుల సంగతి. నిజాం సర్కారు 1919 నాటి ముల్కీ నిబంధనలు పుట్టుకనే కాక నివాసాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాయి. తిరిగి పోయే ఆలోచన మానుకుని 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాడు ముల్కీ, అంటే స్థానికుడు. ఆ లెక్కన బార్కస్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఇది సొంత ముల్కే. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ లొంగిపోయాక ఆ లెక్క తారుమారైంది. అరబ్బు దళాలను రద్దు చేశారు, వేలమందిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. అప్పటికి హద్రమౌత్‌లో కరువు. పంపవలసినవాళ్లలో ఇక్కడే పుట్టి, ఆ దేశపు మట్టి తొక్కని మువల్లదులు కూడా ఉన్నారు. ఇక్కడ పుట్టిన సిపాయి కొడుకుది ఏ దేశం అన్న ప్రశ్న దస్త్రాల్లో ఏళ్ల తరబడి తెగలేదు. రజాకార్ల కాలపు గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి, కొత్త ప్రభుత్వం భయానికి కారణాలు లేవని నేను అనను. సాయుధుణ్ణి నిరాయుధుణ్ణి చేయడం ఏ ప్రభుత్వానికైనా తప్పదు. కాని చేసిన పనిని బట్టి కాకుండా తాత పుట్టిన ఊరిని బట్టి మనిషిని వేరు చేయడం వేరే సంగతి. ఆ తేడాను అప్పుడు పాటించలేదు.

ఇంకా దగ్గరి కాలానికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం ముస్లిముల్లో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, బోహ్రా మొదలైన పేర్లను మినహాయించింది. ఆ మినహాయింపుల్లో ‘అరబ్’ కూడా ఉంది. చట్టం ఉద్దేశం ఎవరినీ పరాయివాళ్లను చేయడం కాదు. సామాజికంగా పైమెట్టున ఉన్నాయనుకున్న వర్గాలను పక్కన పెట్టడం దాని లక్ష్యం. కాని ఫలితం చూడండి. ఆటో నడిపేవాడు, జామతోటలో కూలికి పోయేవాడు, గల్ఫ్‌లో డ్రైవరుగా రెండేళ్లు చేసి వచ్చి ఖాళీగా కూర్చున్నవాడు, వీళ్లెవరికైనా ముత్తాత తెగ పేరు ఉంటే, ఆ పేరే ధ్రువపత్రానికి అడ్డం. బతుకును కాక పుట్టు పేరును కొలిచిన కొలత ఇది. మూడేళ్ల తరవాత హలీమ్‌కు వచ్చిన గుర్తింపును దీని పక్కన పెట్టండి. ఒకే మూలం నుంచి వచ్చిన వంటకం హైదరాబాదీ అయింది, మనిషి మాత్రం కాగితం మీద అరబ్బుగానే మిగిలాడు. వంటకం దగ్గర వాడుకను చూశాం. మనిషి దగ్గర మూలాన్ని చూశాం. నా వాదం ఇంతే: ఈ రెండో కొలత తప్పు. సంస్కృతి అంటే జనం ఒక చోట కలిసి చేస్తూ, మారుస్తూ, పిల్లలకు నేర్పుతూ వచ్చిన పని. మనిషి గుర్తింపును అక్కడ వెతకాలి.

దీనికి రాగల మొదటి అభ్యంతరం బలమైనదే. బార్కస్ వాళ్లే తమను అరబ్బులమని చెప్పుకుంటారు కదా, తెగ పేర్లు వదులుకోరు కదా, మరి మూలం ముఖ్యం కాదని మీరెట్లా అంటారు అని. 1969లో నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. ఒక వర్గాన్ని నిలిపేది దాని ఆచారాల జాబితా కాదు, మేము వేరు అని అది గీసుకునే గీత అన్నాడాయన. లోపలి సరుకు తరాల వెంట మారిపోయినా గీత నిలవవచ్చు. బార్కస్ దీనికి మంచి ఉదాహరణ. తిండి మారింది, భాష మారింది, కాని పేరు చెప్పే పద్ధతి మారలేదు. వంశం చెప్పుకోవడం కూడా రోజూ చేసే ఒక పనే, బిడ్డకు నేర్పితేనే నిలిచే పని. పెళ్లి సంబంధం చూసేటప్పుడు, పెద్దల ముందు పరిచయం చేసుకునేటప్పుడు ఆ పని జరుగుతుంది. దాన్ని నేను తక్కువ చేయను. అది వాళ్ల హక్కు, వాళ్ల గౌరవం. కాని తన ముత్తాతను తలుచుకునే హక్కు మనిషిది, ఆ తలపును పట్టుకుని అతణ్ణి బయటికి నెట్టే హక్కు ఇంకెవరిదీ కాదు. పైగా ఆ గుర్తింపు అడిగేవాణ్ణి బట్టి మారుతుంది. 1970ల తరవాత చమురు సంపద పిలిస్తే ఈ పేట యువకులు సౌదీకీ, ఎమిరేట్లకూ, కువైట్‌కూ పోయారు. అక్కడి అరబ్బుకు ఏ భారతీయుడైనా ‘హిందీ’యే. ఇక్కడ అరబ్బు అనిపించుకున్నవాడు అక్కడ హిందీ అయ్యాడు. మనిషి మారలేదు, అడిగినవాడు మారాడు.

రెండో అభ్యంతరం పండితుల వైపు నుంచి వస్తుంది. అన్నీ కలిసిపోయినవే అయితే అరబ్బు సంస్కృతి అనీ తెలుగు సంస్కృతి అనీ వేరుగా ఏమీ లేనట్టేనా? అట్లా కాదు. సముద్రం రెండు ఒడ్డులనూ కలుపుతుంది, రెంటినీ చెరిపేయదు. హైదరాబాదులో జమేదారుగా సంపాదించిన డబ్బుతోనే ఖుఐతీ కుటుంబం హద్రమౌత్‌లో రాజ్యం కట్టుకుంది. ముకల్లా, షిహ్ర్ రేవులను ఏలిన ఆ సుల్తానులు నిజాం ఇచ్చిన జంగ్ బిరుదులు ధరించారు. హైదరాబాద్ రాజ్యం పోయిన 19 ఏళ్లకు, 1967 సెప్టెంబరులో, వాళ్ల రాజ్యమూ కూలింది. ఏడెన్ వైపు జుర్బియాన్ అనే అన్నం వండుతారు, అది మన బిర్యానీకి చుట్టం. ఇంకా మనకు దగ్గరి సంగతి తేలియా రుమాలు. చీరాలలో, తరవాత పుట్టపాకలో, నూనె పట్టించిన నూలుతో మన పద్మశాలీలు నేసిన చదరపు గుడ్డ గల్ఫ్ తీరాలకు ఎగుమతి అయి అరబ్బుల తలపాగా అయింది. నూనె పట్టిన నూలు ఎండలో తలను చల్లగా ఉంచుతుందని అక్కడ గిరాకీ. తెలుగు నేతగాడికి అది పొట్టకూడు, ఏడెన్ వాడికి అది తన వేషం. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. ఇచ్చిపుచ్చుకున్నా పుట్టపాక పుట్టపాకగానే, ముకల్లా ముకల్లాగానే ఉన్నాయి, ఎందుకంటే ఒకే గుడ్డతో రెండు చోట్లా రెండు వేర్వేరు పనులు చేశారు. వేరుదనం ఉండేది ఆ పనిలోనే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. సంస్కృతి పేరు చెప్పి అన్యాయాన్ని కప్పిపుచ్చడం లేదా? ఉంది. పాతబస్తీలో గల్ఫ్ నుంచి వచ్చిన ముసలివాళ్లకు మైనరు పిల్లలను కట్టబెట్టిన ఉదంతాలు దేశం ముందుకు వచ్చాయి. 1991లో ఒక పసిపిల్లను అరవై ఏళ్ల వాడు విమానంలో తీసుకుపోతుంటే ఆమె ఏడుపు చూసి విమాన సిబ్బంది ఆపించారు. 2017లో హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ దేశస్థులనూ, దళారులనూ, ఖాజీలనూ పట్టుకున్నారు. దీన్ని అరబ్బు ఆచారం అని సమర్థించేవాళ్లూ ఉన్నారు, అదే మాటతో పేట మొత్తాన్ని దూషించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే తప్పు. సంస్కృతి ఒక మార్చరాని ముద్ద అని ఇద్దరూ నమ్ముతున్నారు. అక్కడ పనిచేసింది పేదరికం, దళారి కమిషను, ఆడపిల్ల బరువనే భావం. వీటిలో మొదటిదీ చివరిదీ తెలుగు పల్లెల్లో బాల్యవివాహాలనూ నడిపించాయి. సంస్కృతి మనుషులు చేసే పని అయినప్పుడు, చేయకూడని పనిని మానిపించే బాధ్యత కూడా మనుషులదే. ఆ పిల్ల ఏడుపు కూడా ఆ సంస్కృతిలో ఒక గొంతే, వినవలసిన గొంతు. ఆ మాట చెప్పడానికి బయటివాళ్లు రానక్కరలేదు, బార్కస్ తల్లులు చెప్పగలరు.

గత పాతికేళ్లలో బార్కస్ రోడ్డు పొడుగునా వెలసిన మందీ హోటళ్లను చూపించి, ఇదంతా గల్ఫ్ డబ్బు తెచ్చిన కొత్త అరబ్బుతనం, అసలుది కాదు అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అన్నం, మాంసం తినే ఈ పద్ధతికి ఇంత ప్రచారం పాతకాలంలో లేదు. కొత్తది కావడం దోషం కాదు. ఇవాళ ఆ పళ్లెం చుట్టూ కూర్చునేది ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలేజీ పిల్లలు, శని ఆదివారాల్లో కుటుంబాలతో వచ్చే ఐటీ ఉద్యోగులు. వాళ్లు పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ ఇంకొంచెం వేయమంటారు. ఇంకో తరానికి మందీకి కూడా ఇక్కడి రుచి పడుతుంది. ఇట్లా ఇదివరకూ జరిగింది. పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా మోత సిద్దీలదీ అరబ్బులదీ అని ఇవాళ ఎంతమందికి గుర్తుంది? డఫ్ మీద ఆ దెబ్బ పడితే హైదరాబాదులో ఏ మతం వాడి కాలైనా కదులుతుంది.

చివరిగా, గుర్తింపును మూలంలో వెతకాలా, బతుకులో వెతకాలా అన్న ప్రశ్నను తెలుగువాళ్లమైన మనం మనకే వేసుకోవాలి. మారిషస్ తెలుగువాళ్లలో చాలామంది ఇంట క్రియోల్ మాట్లాడతారు. అయినా ఉగాది చేస్తారని, రాములు, అప్పన్న అనే పేర్లు నిలుపుకున్నారని వాళ్లను మనవాళ్లంటాం, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిపాం. అదే సమయంలో వాళ్లు మారిషస్ పౌరులుగా సరిసమానంగా బతకాలని కోరుకుంటాం. అందులో మనకు వైరుధ్యం కనిపించదు. 1962 తరవాత బర్మా సైనిక ప్రభుత్వం అక్కడ పుట్టిన తెలుగువాళ్లను పరాయివాళ్లుగా చూస్తే, వాళ్లు ఓడల్లో విశాఖపట్నం వచ్చి పడ్డారు. ఆ నగరంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. అది అన్యాయమని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. జావాలో ఇదే హద్రమౌత్ వాళ్ల సంతానం 1934లో సెమరాంగ్‌లో సభ జరిపి మా మాతృభూమి ఇండోనేసియా అని ప్రమాణం చేశారు. దాన్ని నడిపిన ఎ.ఆర్. బస్వెదాన్ తరవాత ఆ దేశపు స్వతంత్ర ప్రభుత్వంలో పనిచేశారు. బార్కస్ వాళ్లు అట్లాంటి ప్రమాణపత్రం రాయలేదు. రాయమని ఎవరూ వాళ్లను అడగనక్కరలేదు. నాలుగైదు తరాలుగా ఇక్కడ పుట్టి, ఇక్కడ ఓటు వేసి, ఇక్కడి మట్టిలో కలిసినవాళ్లకు అంతకు మించిన రుజువు ఏముంటుంది?

ఇక విద్యార్థులకు నా విన్నపం. బార్కస్ మీద ఇంగ్లీషులో మంచి పరిశోధన జరిగింది. ఒమర్ ఖలీదీ వంటివారు హైదరాబాద్ హద్రమీల చరిత్రను శ్రద్ధగా రాశారు. తెలుగులో మాత్రం రావలసినంత రాలేదు. సుల్తానుల, జమేదార్ల సంగతి దస్త్రాల్లో భద్రంగా ఉంది. బార్కస్ అమ్మమ్మల సంగతి ఎక్కడా లేదు: వాళ్లు ఏ పల్లె నుంచి వచ్చారు, పెళ్లికి ముందు ఇంట్లో ఏ భాష మాట్లాడారు, హరీసు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, జోలపాట ఏ భాషలో పాడారు. 1948ని చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. మీలో ఉర్దూ వచ్చినవాళ్లు, తెలుగు రాయగలవాళ్లు ఇద్దరిద్దరుగా కలిసి వెళ్లండి. వాళ్లు చెప్పింది వాళ్ల అనుమతితో రికార్డు చేసి తెలుగులోకి తెండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.